మంగళవారం సాయంత్రపు చుట్లు

మా మంగళవారం సైకిలు పందేల్లో గంట కొట్టిన పెద్దాయన పోయారని వాళ్ళ అమ్మాయి పంపిన కబురు పోయిన వారం అందింది. ఎనభై దాటిన మనిషి, నిద్రలోనే వెళ్ళిపోయారట. నాతోపాటు తొక్కినవాళ్ళలో చాలామంది ఇప్పుడు న్యూజెర్సీలో లేరు. కొందరు టెక్సస్ వెళ్ళిపోయారు, కొందరు సైకిలే మానేశారు. అయినా ఆ రాత్రి ఒకరి తరువాత ఒకరం ఫోన్లు చేసుకున్నాం. అందరూ తలుచుకున్నది ఆయన గంటను, ఆయన గొంతును. ఆ మాటలు వింటుంటే, మేము ఆ పందేలను కళ్ళతో కన్నా చెవులతోనే ఎక్కువగా తొక్కామని నాకు గట్టిగా అనిపించింది. ఆ చప్పుళ్ళు ఇంకా చెవిలో ఉండగానే కొన్నింటినైనా రాసి పెట్టుకుందామని కూర్చున్నాను.

ఆ పందేలు రారిటన్ నదికి దగ్గరలో ఉన్న ఒక ఆఫీసు ఆవరణలో జరిగేవి. అయిదు దాటితే ఉద్యోగుల కార్లు ఒక్కొక్కటే బయటికి వెళ్ళిపోయి, ఆరింటికల్లా లోపలి తారు రోడ్లన్నీ ఖాళీ అయ్యేవి. మైలు కన్నా కొంచెం తక్కువ ఉండే వలయం, నాలుగు మలుపులు, నాలుగూ ఎడమకే. ముందుగా వచ్చినవాళ్ళు కార్లలోంచి చీపుర్లు తీసి, మలుపుల దగ్గర పేరుకున్న కంకరనూ, పచ్చిక మీద తిరిగే కెనడా బాతులు రోడ్డు మీద వేసిన రెట్టలనూ ఊడ్చేవారు. ఆ చీపురు చప్పుడు వినపడితే వాన భయం లేదని, ఆ సాయంత్రం పందెం ఖాయమని అర్థం. ఇలాంటి చిన్న వలయం మీద వాహనాలు ఆపేసి, నిర్ణీత సమయం పాటో, నిర్ణీత చుట్ల పాటో గుంపుగా తొక్కే పందెమే క్రిటీరియం. కొత్తవారికి అరగంటతో ముగుస్తుంది, పై స్థాయి వారికి గంట, గంటన్నర కూడా సాగుతుంది.

పెద్దాయన ముగింపు గీత పక్కన ఒక మడత బల్ల వేసుకుని కూర్చునేవారు. బల్ల మీద గళ్ళ నోటు పుస్తకం, రెండు పెన్సిళ్ళు, ఇంకా ఎన్ని చుట్లు మిగిలాయో చూపించడానికి తిప్పే పెద్ద అంకెల అట్టలు, పక్కన ముక్కాలి స్టాండుకు వేలాడదీసిన ఇత్తడి గంట. పందెం మొదలయ్యే ముందు ఆయన లేచి వరస పొడవునా నడిచి, ప్రతి సైకిలు హ్యాండిలు రెండు చివరలనూ బొటనవేలితో నొక్కి చూసేవారు. ఆ గొట్టం చివర బిరడా లేకపోతే, కింద పడ్డప్పుడు అది ఒంట్లోకి దిగుతుంది. అందుకే బిరడా లేని సైకిలును గీత దగ్గరికి రానివ్వకూడదని నిబంధన ఉంది. ఆయన మాత్రం ఎవరినీ వెనక్కి పంపేవారు కాదు. చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగైదు వైన్ సీసా బిరడాలు ఉండేవి. వాటిలో ఒకదాన్ని చాకుతో చెక్కి, గొట్టంలో బిగించి, అరచేత్తో ఒక దెబ్బ కొట్టి, మాట్లాడకుండా పక్క సైకిలు దగ్గరికి వెళ్ళేవారు.

*

నేను ఈ ఆటను మొదటిసారి చూసింది సోమర్‌విల్‌లో. మే నెల చివరి సోమవారం, మెమోరియల్ డే సెలవు. బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడిలో దర్శనం చేసుకుని, ప్రసాదం తిని, పక్క ఊరే కదా అని నేనూ మా ఆవిడా పాపను తోపుడు బండిలో కూర్చోబెట్టుకుని మెయిన్ స్ట్రీట్ చూడటానికి వెళ్ళాం. వీధికి అడ్డంగా పోలీసు కారు ఉంది, కాలిబాటల మీద జనం మడత కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఏదో ఊరేగింపు అనుకున్నాం. ఇంతలో దూరం నుంచి సన్నని హోరు మొదలై, చూస్తుండగానే పెరిగి, వందకు పైగా సైకిళ్ళు ఒకదానికొకటి రాసుకునేంత దగ్గరగా మా ముందు నుంచి దూసుకుపోయాయి. అవి వెళ్ళిన తరువాత వాటి గాలి వచ్చి ముఖానికి తగిలింది, పాప తల మీది టోపీ ఎగిరిపోయింది. ఆ టోపీ తీసుకుని వెనక్కి వచ్చేసరికి అదే గుంపు ఇంకో చుట్టు పూర్తి చేసుకుని మళ్ళీ వస్తోంది.

తణుకు దగ్గర మా ఊరి రామాలయం ముందు, నా చిన్నప్పుడు, రోజుల తరబడి కాలు కింద పెట్టకుండా సైకిలు తొక్కే మనిషి ఒకడు వచ్చేవాడు. నాలుగు గుంజలు పాతి, తాడు కట్టి, ట్యూబులైట్లు వేలాడదీసి, మైకు సెట్టు పెట్టేవారు. అతను ఆ తాడు లోపల గుండ్రంగా తిరుగుతూనే అన్నం తినేవాడు, తిరుగుతూనే గడ్డం గీసుకునేవాడు, నెత్తిన బిందెడు నీళ్ళు పోయించుకునేవాడు. ఊరి పెద్దలు అతని చొక్కాకు పిన్నీసుతో రూపాయి నోట్లు గుచ్చేవారు. రాత్రి రెండో జాములో మెలకువ వస్తే మైకు ఆగిపోయి, గొలుసు కిర్రుమంటున్న చప్పుడొక్కటే మా అరుగు దాకా వినిపించేది. గంటకు అర్ధరూపాయి అద్దె సైకిలు తెచ్చుకుని, కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకుంటున్న మాకు అతను పెద్ద వీరుడు. అతనిది నిదానం మీద నిలబడిన విద్య, సోమర్‌విల్‌లో చూసింది పూర్తిగా వేగం మీద నిలబడిన విద్య. అయినా ఆ వీధి పక్కన నిలబడ్డప్పుడు, ఒకే చోట తిరిగే సైకిలును చూడటానికి ఊరంతా కుర్చీలు వేసుకుని కూర్చోవడం నాకు ఏ మాత్రం కొత్తగా అనిపించలేదు. ఆ వేసవిలోనే నేను పాత అల్యూమినియం రేసు సైకిలు ఒకటి కొనుక్కున్నాను.

*

సోమర్‌విల్ పందెం చరిత్ర నాకు చెప్పింది పెద్దాయనే. మంగళవారం పందెం అయిపోయాక, బల్ల మడిచి కారులో పెట్టడానికి సాయం చేసేవాళ్ళకు ఆయన కబుర్లు బోనసుగా దొరికేవి.

ఆ ఊళ్ళో ఫ్రెడ్ కుగ్లర్ అనే సైకిలు దుకాణదారు ఉండేవారు. ఊరంతా ఆయన్ను పాప్ కుగ్లర్ అని పిలిచేవారు. స్వయంగా పందేలు తొక్కిన మనిషి. మెయిన్ స్ట్రీట్ మీద పందెం పెట్టాలని ఆయన కోరిక. అయితే ఆ వీధి రాష్ట్ర రహదారిలో భాగం, రాష్ట్ర రహదారుల మీద రేసులు జరపడానికి అప్పటి చట్టం ఒప్పుకునేది కాదు. అందుకని దాన్ని రేసు అనకుండా టూర్ అని పేరు పెట్టి అనుమతి తెచ్చుకున్నారు. ఊరి నుంచి ఊరికి సాగే పందెం కాకపోయినా టూర్ ఆఫ్ సోమర్‌విల్ అన్న పేరు అలా వచ్చింది, అలాగే నిలిచిపోయింది. 1940లో జరిగిన మొదటి పందేన్ని పాప్ కుగ్లర్ కొడుకు ఫర్మన్ కుగ్లర్ గెలిచాడు, 1941లో మళ్ళీ అతనే గెలిచాడు. 1942లో కార్ల్ ఆండర్సన్ గెలిచాడు. ఆ తరువాత యుద్ధం వల్ల పందెం ఆగిపోయింది. ఆ ఇద్దరు విజేతలూ యుద్ధానికి వెళ్ళారు, ఇద్దరూ తిరిగి రాలేదు. 1947లో పందెం మళ్ళీ మొదలైనప్పుడు దానికి ఆ ఇద్దరి పేర్లూ కలిపి కుగ్లర్-ఆండర్సన్ స్మారక పందెం అని పేరు పెట్టారు. యుద్ధాల్లో చనిపోయినవారిని తలుచుకునే మెమోరియల్ డే నాడు ఆ పందెం జరగడంలో అందుకే ఒక నిండుదనం ఉంది. స్త్రీల పందేనికి అదే ఇంటి ఆడపడుచు మిల్డ్రెడ్ కుగ్లర్ పేరు ఉంది.

యుద్ధం తరువాత మళ్ళీ మొదలైన ఆ పందేన్ని తాను పసివాడిగా తండ్రి భుజాల మీద నుంచి చూశానని పెద్దాయన చెప్పేవారు. విజేత ఎవరో ఆయనకు గుర్తు లేదు. సైకిళ్ళు వెళ్ళిపోయిన ప్రతిసారీ జనంలో ఎవరో పెద్దగా ఏడుస్తుంటే, ఎందుకని అడిగితే, తండ్రి తన కాలు గట్టిగా పట్టుకుని ఏమీ చెప్పలేదని మాత్రం గుర్తు. కొడుకును పోగొట్టుకున్న తండ్రి, కొడుకు గెలిచిన వీధిలోనే, కొడుకు పేరున ఏటేటా పందెం నడిపించడం ఎంత కష్టమో నాకు పిల్లలు పెద్దవాళ్ళయిన తరువాతే కొంతైనా తెలిసింది.

*

కొత్తగా పందేల లైసెన్సు తీసుకున్నవాళ్ళను అప్పట్లో కేటగిరీ 5లో, అంటే అన్నిటికన్నా కింది స్థాయిలో, పెట్టేవారు. ఆ గుంపులో యాభైమందికి మించి ఉండకూడదు, పది పందేలు పూర్తిచేస్తే 4కు పంపేవారు. మొదటి మంగళవారాల్లో నాకు కాళ్ళు చాలకపోవడం కన్నా, గుంపు మధ్యలో ఏం జరుగుతోందో అంతుపట్టకపోవడమే పెద్ద ఇబ్బందిగా ఉండేది. గంటకు నలభై కిలోమీటర్లకు పైగా వేగంలో, ముందువాడి వెనక చక్రానికీ నా ముందు చక్రానికీ మధ్య మూరెడు దూరం కూడా ఉండదు. అంత దగ్గరగా ఉంటేనే గాలి అడ్డం తగ్గి, శ్రమలో మూడో వంతు దాకా మిగులుతుంది. కళ్ళు ఎంతసేపూ ఆ చక్రం మీదే నిలిచిపోతే మాత్రం, నాలుగైదు సైకిళ్ళ ముందు జరిగేది తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

"చక్రం వంక చూడకు, అవతలి భుజాల మీదుగా చూడు, చక్రం సంగతి చెవులకు వదిలెయ్యి" అని పెద్దాయన ఒక సాయంత్రం అన్నారు.

ఆ తరువాత నెమ్మదిగా ఒక్కొక్క చప్పుడూ విడిపోయి వినపడటం మొదలైంది. ముందువాడు తొక్కడం ఆపితే అతని వెనక చక్రం ఫ్రీవీల్ టికటికమంటుంది. అంటే వేగం తగ్గబోతోంది, నేనూ కాలు ఆపాలి. కొన్ని కంపెనీల చక్రాలు కీచురాళ్ళలా గట్టిగా అరుస్తాయి, కొన్ని దాదాపు వినిపించవు, అందుకే ఆ మెత్తని చక్రాల వాళ్ళ వెనక ఇంకొంచెం దూరం ఉంచేవాణ్ణి. అల్యూమినియం రిమ్ము మీద రబ్బరు బ్రేకు రాసుకుంటే వచ్చే సన్నని బుస మలుపులో ఎవరు భయపడ్డారో చెప్పేసేది. గట్టిగా కటక్కుమని గొలుసు బరువైన గేరులోకి దిగితే ఎవరో గుంపును వదిలి ముందుకు దూకబోతున్నట్టు. మ్యాన్‌హోల్ మూత మీదుగా టైర్లు ఒకదాని తరువాత ఒకటి వెళ్ళే దడదడను బట్టి నా ముందు ఎంతమంది ఉన్నారో తెలిసేది. ఆ పల్చని ఇరవైమూడు మిల్లీమీటర్ల టైర్లలో గాలిని రాయిలా గట్టిపడేదాకా కొట్టేవాళ్ళం, అందుకని రోడ్డు మీది ప్రతి గరుకూ చెవికి అందేది.

మలుపు విద్య వేరు. ఎడమకు తిరిగేటప్పుడు ఎడమ పెడలు పైన ఉండాలి, లేకపోతే అది నేలకు తగిలి సైకిలును ఎత్తేస్తుంది. కుడి కాలు కింద, ఒంటి బరువంతా ఆ కాలి మీద, చూపు మలుపు దాటిన తరువాతి రోడ్డు మీద. ఒంటరిగా తొక్కేవాడు బయటి అంచు నుంచి లోపలికి వచ్చి మళ్ళీ బయటికి సాగే విశాలమైన దారిని ఎంచుకోవచ్చు. గుంపులో ఆ స్వేచ్ఛ ముందున్న ఒకరిద్దరికే ఉంటుంది. మిగతావాళ్ళు పక్కవాడికి సమానదూరంలో తమ తమ గీతను తప్పకుండా తిరగాలి. గీత తప్పినవాడి పక్కన తొక్కడం కన్నా వాన నయం. ముందున్నవాళ్ళు బ్రేకు ముట్టుకోకుండానే మలుపు దాటేస్తారు. వాళ్ళ వెనకవాళ్ళు కొంచెం తగ్గుతారు, వాళ్ళ వెనకవాళ్ళు ఇంకొంచెం. చివరివాళ్ళు దాదాపు నిలబడిపోయి, మలుపు దాటాక ప్రాణాలు పెట్టి అందుకోవలసి వస్తుంది. నాలుగు మలుపులు, ప్రతి చుట్టులోనూ ఇదే. అందుకే క్రిటీరియంలో వెనక ఉండటం విశ్రాంతి కాదు. బలవంతులైన కుర్రాళ్ళు చాలామంది వెనక ఉండి ఊరికే అలిసిపోయి ఇంటికి వెళ్ళేవారు, నలభై దాటిన ప్లంబరు ఒకాయన మాత్రం పదో స్థానంలో చక్రం కదలకుండా కూర్చుని ప్రతివారం డబ్బు పట్టుకెళ్ళేవాడు.

ఇక గంట. చివరి చుట్టుకు గంట మోగుతుంది, మధ్యలో ప్రీమ్ ఉన్నప్పుడు కూడా మోగుతుంది. ప్రీమ్ అంటే పందెం లోపలి చిన్న పందెం, గంట విన్న తరువాత ఆ గీతను మొదట దాటినవాడికి ఒక బహుమతి. మంగళవారం బహుమతులు చిన్నవే, ఒక ట్యూబో, ఒక జత సాక్సో. నేను గెలుచుకున్నది ఒక కాఫీ పొట్లం. అయినా ఆ గంట మోగగానే అప్పటిదాకా గుంపులో జరుగుతున్న మాటలన్నీ ఆగిపోయేవి. రెండు మూడు క్షణాల పాటు ఊపిరి శబ్దాలే వినిపించేవి, ఆ వెంటనే నలువైపులా గేర్లు పడేవి. పెద్దాయన గంటను గబగబా మోగించేవారు కాదు. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య మోత పూర్తిగా సాగేదాకా ఆగేవారు, దాంతో మొదటి మలుపు దాటేదాకా అది మా వీపుల వెనక వినపడుతూనే ఉండేది.

*

ఆదివారం పందేల ఉదయాలు వేరే రకం. అయిదింటికే లేచి, రెండు ఇడ్లీలు తిని, సైకిలు చక్రాలు విప్పి కారులో పెట్టుకునేవాణ్ణి. నంబరు గుచ్చే పని మా ఆవిడది. "ఏమండీ, వంగి నిలబడండి" అని, నేను హ్యాండిలు పట్టుకున్నట్టు ముందుకు వంగి చేతులు చాపి నిలబడితే, వీపు మీది గుడ్డ ఎంత సాగుతుందో చూసి అప్పుడు గుచ్చేది. నిటారుగా నిలబడినప్పుడు గుచ్చితే, వంగగానే కాగితం మధ్యలో ఉబ్బి గాలికి పటపటలాడుతుంది. నలభై నిమిషాలు ఆ చప్పుడు చెవి పక్కన మోగితే ఇంకేమీ వినపడదు. నంబరు నడుము పక్కకు, గీత దగ్గర కెమెరా ఉన్న వైపుకు రావాలి. ఒక్కొక్క పిన్నీసునూ కాగితంలోంచి గుడ్డలోకి, గుడ్డలోంచి మళ్ళీ కాగితంలోకి రెండుసార్లు దూర్చేది. పళ్ళ మధ్య మిగతా పిన్నీసులు పట్టుకుని ఉండేది కాబట్టి ఆ అయిదు నిమిషాలూ మా ఇంట్లో మాటలు ఉండేవి కావు.

పందెం జరిగే ఊళ్ళో కార్లు ఆపుకునే స్థలం చేరేసరికి వాసన ముందు తగిలేది. వసంతంలో ఇంకా చలి ఉంటుంది కనుక కుర్రాళ్ళు కాళ్ళకు మంట పుట్టించే ఎంబ్రోకేషన్ రాసుకునేవారు. కర్పూరం, మెంథాల్ కలిసిన ఆ వాసన పక్కన కూర్చుంటే మా నాయనమ్మ మంచం దగ్గరి అమృతాంజనం సీసా గుర్తొచ్చేది. రోలర్ల మీద కదలకుండా తొక్కేవాళ్ళ చక్రాల హోరు, నేల పంపులు కొట్టే చప్పుడు, ఎవరో తమ కేటగిరీ పిలిచారా అని అడగడం, ఎవరి పాపో ఆవు మెడగంట ఊపుతూ కార్ల మధ్య పరుగెత్తడం. తెలుగువాళ్ళు ఆ రోజుల్లో నాకు ఎక్కడా ఎదురుపడలేదు. నంబరు పుస్తకంలో నా ఇంటిపేరు చూసి రెఫరీలు తడబడేవారు. పెద్దాయన మాత్రం మొదటి వేసవిలోనే నన్ను కూర్చోబెట్టుకుని, అక్షరం అక్షరం పలికించుకుని, ఆ తరువాత ఎప్పుడూ పూర్తి ఇంటిపేరుతోనే పిలిచారు.

*

ఒక మంగళవారం సన్నని జల్లు పడింది. తారు తడిసీ తడవనట్టు ఉంది, రోడ్డు మీద తెల్ల రంగు గీతలు నూనె పూసినట్టు మెరుస్తున్నాయి. మూడో మలుపులో నాకు నాలుగు సైకిళ్ళ ముందు ఒక కుర్రాడి ముందు చక్రం ఆ గీత మీద జారిపోయింది. ముందు ఒక కేక, ఆ వెంటనే లోహం, ప్లాస్టిక్ రోడ్డు మీద గీసుకుపోయే చప్పుడు. ఆ చప్పుడు పిడుగులా పెద్దగా ఉండదు, ఎండుకొమ్మలు విరిచినట్టు పొడిగా ఉంటుంది. నేను పచ్చికలోకి తిప్పి ఆగగలిగాను, ఎవరి సైకిలో వచ్చి నా వెనక చక్రాన్ని వంచేసింది.

క్రిటీరియంలో ఒక మంచి నియమం ఉంది. పడిపోయినా, టైరు పంచరైనా, సైకిలు విరిగినా, చక్రాలు పెట్టుకునే చోటికి వెళ్ళి బాగుచేసుకుని, ఒక చుట్టు నష్టం లేకుండా మళ్ళీ గుంపులో కలవవచ్చు. చివరి 8 కిలోమీటర్లలో మాత్రం ఆ అవకాశం ఉండదు. నేను సైకిలు భుజాన వేసుకుని అక్కడికి వెళ్తే, మెకానిక్ ఎవరిదో చక్రం బిగించి, సీటు వెనక చెయ్యి పెట్టి, గుంపు వస్తున్న వేగాన్ని చెవితోనే అంచనా వేసి సరిగ్గా సమయానికి బలంగా తోశాడు. అతని అరచేతి ఒత్తిడి నాకు ఇప్పటికీ తెలుస్తుంది.

మరుసటి చుట్టు మూడో మలుపు దగ్గరికి వచ్చేసరికి పెద్దాయన అక్కడే ఉన్నారు. ముగింపు గీత నుంచి అంత దూరం ఎలా పరుగెత్తారో తెలియదు. ఎర్ర జెండా ఊపి పందెం ఆపేశారు. కాలర్ బోన్ విరిగిన ఆ కుర్రాడి పక్కన తడి రోడ్డు మీద కూర్చుని, తన కోటు అతని మీద కప్పి, అంబులెన్సు వచ్చేదాకా ఏదేదో మాట్లాడుతూనే ఉన్నారు. ఆ కుర్రాడు తరువాతి వేసవిలో తిరిగి వచ్చాడు. అతని సైకిలు కోసం అందరమూ డబ్బు వేసుకున్నాం, నోటు పుస్తకం చివరి పేజీలో ఆ లెక్కంతా పెన్సిలుతో రాసి ఉండేది.

*

ఆ ఆఫీసు ఆవరణ ఇప్పుడు లేదు. కంపెనీ ఎత్తేసిన తరువాత కొన్నాళ్ళు ఖాళీగా ఉండి, ఆపైన అక్కడ అపార్టుమెంట్లు లేచాయి. అనుమతులు, బీమా ఖర్చు, రోడ్డు మూయడానికి పోలీసులకు కట్టవలసిన సొమ్ము పెరిగేకొద్దీ వారాంతపు ఊరి పందేలు కూడా ఒక్కొక్కటే ఆగిపోయాయి. అమెరికా సైక్లింగ్ హాల్ ఆఫ్ ఫేమ్ ఒకప్పుడు సోమర్‌విల్‌లోనే ఉండేది, అది కాలిఫోర్నియాలోని డేవిస్‌కు తరలిపోయింది. చక్రానికి తగిలించే చిప్పు చుట్లు లెక్కపెడుతోంది కనుక పెన్సిలుతో నంబర్లు రాసుకునే మనిషి అవసరం తగ్గింది. రిమ్ము బ్రేకులు పోయి డిస్కు బ్రేకులు వచ్చాయి, టైర్లు వెడల్పయ్యాయి, గాలి తగ్గింది. వాన రోజున ఆ బ్రేకులు నిజంగా ప్రాణాలు కాపాడతాయి, అందులో సందేహం లేదు. అయితే మలుపులో వినిపించే ఆ సన్నని బుస పోయింది. ఈమధ్య యువకుల పందెం పక్కన కళ్ళు మూసుకుని నిలబడితే, ఎవరు ఎక్కడ వేగం తగ్గిస్తున్నారో నాకు చెవితో తెలియలేదు. వాళ్ళు దాన్ని ఇంకోలా తెలుసుకుంటూ ఉంటారు, నేను మాత్రం నేర్చుకున్నది అలాగే నేర్చుకున్నాను.

*

నన్ను సోమర్‌విల్‌లో తొక్కమని పట్టుబట్టింది కూడా పెద్దాయనే. పెద్ద పందేనికి ముందు జరిగే అమెచ్యూర్ పందేల్లో ఒకదానికి నా పేరు తానే రాయించారు. ఏ వీధి పక్కన నిలబడి పాప టోపీ ఏరుకున్నానో ఆ వీధి మధ్యలోకి, తెల్ల పాలరాతి కోర్టు భవనం ఉన్న ఆ మెయిన్ స్ట్రీట్ మీదికి, నంబరు కట్టుకుని వెళ్ళడం మామూలు సంగతిగా అనిపించలేదు. పందేనికి ముందు టోపీలు తీసి, యుద్ధంలో పోయినవారి కోసం మౌనం పాటించారు. ఆ తరువాత జాతీయగీతం, ఆ వెంటనే బూట్ల అడుగున ఉండే వందల క్లీట్లు పెడళ్ళలోకి దిగే టకటక.

ఆఫీసు ఆవరణలో లేనిది, అక్కడ ఉన్నది జనం. రెండు వైపులా భవనాలు ఉండటం వల్ల మెయిన్ స్ట్రీట్‌లోకి తిరగగానే కేకలు, చప్పట్లు, గంటలు కలిసిపోయి, నేను నేర్చుకున్న చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా మునిగిపోయేవి. వెనక వీధిలోకి తిరిగితే ఇళ్ళ ముందు పచ్చికలో మాంసం కాలుస్తున్న వాసన, నాలుగైదు కుటుంబాలు, అంతే, మళ్ళీ ఫ్రీవీళ్ళు, మళ్ళీ ఊపిరి. చుట్టు చుట్టుకూ ఇలా మునగడం, తేలడం. కనుక వినవలసినదంతా వెనక వీధిలోనే విని, ఎవరు అలసిపోయారో, ఎవరు గేరు మార్చకుండా దాచుకుంటున్నారో గుర్తుపెట్టుకుని, ముందు వీధిలోకి ఆ లెక్కతో తిరగడం నాకు అక్కడ అలవాటైంది.

చివరి చుట్టు గంట నాకు వినపడలేదు. జనం హోరులో అంకెల అట్ట మీద 1 కనిపించింది, అంతే. వెనక వీధిలో ఎత్తయిన గొంతుతో ఒకడు తన జట్టువాణ్ణి పిలిచాడు, ఎడమ పక్కన గొలుసు కటక్కుమంది, నేను ఆ చక్రం పట్టుకున్నాను. చివరి మలుపు ఎవరూ బ్రేకు వెయ్యకుండా తిరిగారు. నా పక్కవాడి మోచెయ్యి నా మోచేతికి ఆని, ఒక క్షణం అలాగే ఉండి, ఇద్దరమూ మా మా గీతల్లోనే బయటపడ్డాం. ఆ తరువాత వీధి పొడవునా తల దించి తొక్కడమే. గెలిచినవాడు నాకు చాలా ముందు ఉన్నాడు. ఫలితాల కాగితం కోర్టు భవనం దగ్గర గోడకు అంటించినప్పుడు, నా నంబరు మొదటి కాగితంలోనే కనిపించింది. మా ఆవిడ దాన్ని ఫోటో తీసుకుంది.

పెద్దాయన ఆ రోజు చివరి మలుపు దగ్గర సహాయ రెఫరీగా ఉన్నారు. మధ్యాహ్నం యాభై మైళ్ళ అసలు పందేన్ని ఆయన పక్కనే కూర్చుని చూశాను. ఆ ఎనభై కిలోమీటర్లనూ వాళ్ళు రెండు గంటల లోపే పూర్తిచేశారు. మలుపుల్లో వాళ్ళ వరస ఎక్కడా తెగలేదు. ఆయన గెలిచేవాణ్ణి చూడమనలేదు, ఇరవయ్యో స్థానంలో ఉన్నవాణ్ణి చూడమన్నారు. గుంపు ఎంత బాగా తొక్కుతోందో అక్కడే తెలుస్తుందని ఆయన నమ్మకం. లేచేటప్పుడు, "మంగళవారం కొత్తవాళ్ళు చాలామంది వస్తున్నారు, మూడో మలుపు దగ్గర నిలబడి వాళ్ళకు చెప్పేవాడు ఒకడు కావాలి, నీ పందేనికి ఓ అరగంట ముందు రాగలవా" అని అడిగారు. వస్తానన్నాను. ఆ వేసవీ, ఆ తరువాత అక్కడ పందేలు జరిగిన ప్రతి వేసవీ, మ్యాన్‌హోల్ మూతకు ఇవతల నిలబడి, ఎడమ పెడలు పైకెత్తండని, గీత తప్పొద్దని, ముందువాడి ఫ్రీవీల్ వినండని అరిచే పని నాదైంది.